కచ్చా ట్రయల్‌లో తీయని టేపు

కత్తెర అంటే నాకు భయం. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. ముప్పై ఎనిమిదేళ్లు మగవాళ్ల సూట్లు కుట్టి, మొన్న మోకాళ్లు మొరాయించాక దుకాణం వదిలిన మనిషిని. అయినా సరే, మూడుంపావు మీటర్ల ఉన్ని గుడ్డను బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, మొదటి కోత పెట్టే ముందు నా అరచేతికి చివరి రోజు వరకూ చెమట పట్టేది. గీత తప్పితే దులిపేయొచ్చు. కోత తప్పితే గుడ్డ మళ్లీ అతకదు. పైగా ఆ గుడ్డ మనది కాదు.

ఇబ్రహీంపట్నం బస్ డిపోకు దగ్గర్లో ఉన్న నా దుకాణాన్ని ఇప్పుడు శ్రావణి అనే అమ్మాయి నడుపుతోంది. కుట్టుపనిలో డిప్లొమా చేసింది. ఆడవాళ్ల జాకెట్లు కుట్టమంటే వినదు, మగవాళ్ల సూట్లే కుడతానని పట్టు. నా కటింగ్ బల్ల, ఇస్త్రీపెట్టె ఆమెకే ఇచ్చేశాను. తాళంచెవి తీసుకునే రోజు అడిగింది: "తాతా, ఒకడు మూడు వేలకు సూటంటడు, ఇంకొకడు ముప్పై వేలంటడు. సూటు సూటే కదా, ఏంది తేడా?"

"పిండి కొద్దీ రొట్టె," అని నవ్వి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. తేడా ఏమిటో నాకు బాగా తెలుసు. అది తెలుసుకోవడానికి ఏం జరిగిందో కూడా తెలుసు. అది చెప్పడానికి భయపడే నవ్వి ఊరుకున్నాను. అందుకే రాస్తున్నాను. శ్రావణి కోసం, ఈ పనిలోకి దిగుతున్న ఇంకెవరి కోసమైనా.

బోర్డు మీది మాటలు

సాగర్ రోడ్డు మీద పోతుంటే చూడండి, ప్రతి రెండో దుకాణానికీ 'బెస్పోక్ సూట్స్' అని బోర్డు. కింద 'ఇరవై నాలుగు గంటల్లో' అని ఇంకో ముక్క. అబ్బో! రెండు విజిల్స్‌కు ఉడికేది పప్పు, సూటు కాదు. ఆ మాటకు అర్థం తెలియకుండా బోర్డు రాయించినవాణ్ణి క్షమించవచ్చు. తెలిసీ రాయించినవాడు దొంగ.

అసలు సంగతి ఇది. మొదటి రకం, తయారైన సూటు కొని సరిచేయించుకోవడం. చేతుల పొడుగు తగ్గించవచ్చు, నడుము పట్టించవచ్చు, ప్యాంటు మడత వేయవచ్చు. భుజం జోలికి మాత్రం పోవద్దు. భుజం పెద్దదైన కోటును చిన్నది చేయబోతే మొత్తం కోటు విప్పినట్టే. గిరాకీ ఎంత బతిమాలినా "భుజం కుదిరిందే కొనుక్కోండి, మిగతాది నేను చూస్తాను" అని చెప్పి పంపాలి. శేరిగూడ కాలేజీల్లో ఉద్యోగాల ఇంటర్వ్యూలు మొదలయ్యాయంటే నా దుకాణం నిండా ఈ పనే. ఒకసారి ఐదుగురు స్నేహితులు కలిసి ఒకే కోటు కొనుక్కొచ్చారు. వరసగా ఐదు ఇంటర్వ్యూలు, ఒకడి తర్వాత ఒకడు వేసుకుంటారట. "అందరికి సెట్ అయ్యేటట్టు చెయ్యి అంకుల్," అన్నారు. వాళ్లలో ఒకడు ఆరడుగులు, ఒకడు నా భుజం వరకు వస్తాడు. "అట్లయితే కోటెందుకురా, గొంగడి కొనుక్కోండ్రి," అన్నాను. నవ్వుకుంటూనే మధ్యస్థంగా ఉన్నవాడి కొలతకు పట్టించి పంపాను. వాళ్లలో ఇద్దరికి ఉద్యోగం వచ్చిందని స్వీటు డబ్బా తెచ్చారు. కాబట్టి మొదటి రకాన్ని చిన్నచూపు చూడొద్దు.

రెండో రకం, కొలతలు తీసుకుని కుట్టడం. ఛాతీ ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, నలభై, ఇలా ప్రతి సైజుకూ మన దగ్గర అట్ట ఫర్మాలు ఉంటాయి. గిరాకీ కొలతకు దగ్గరున్న ఫర్మా తీసి, గుడ్డ మీద పెట్టి, ఇక్కడ అరంగుళం లోపలికి, అక్కడ పావంగుళం బయటికి మార్చుకుని కోస్తాం. ఛాతీ భాగం బిరుసుగా నిలబడటానికి లోపల జిగురు పూసిన బక్రం గుడ్డ పెట్టి వేడి ఇస్త్రీతో అతికిస్తాం. కుట్టు మిషన్ మీదే. నా జీవితంలో ఎక్కువ కుట్టింది ఇవే, అందులో సిగ్గేమీ లేదు. బక్రం దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. ఒక ప్లాట్ల వ్యాపారి తన వెంచర్ ప్రారంభానికి వేసుకున్న కోటు, వానలో తడిసి ఆరేసరికి ఛాతీ అంతా పూరీ పొంగినట్టు బుడగలు లేచింది. చౌక బక్రం వేసింది నేనే. ఆయన ఆ కోటు తెచ్చి బల్ల మీద పెట్టి, బుడగలను ఒక్కొక్కటిగా వేలితో నొక్కి చూపించాడు. తిట్టినా బాగుండేది.

మూడో రకం అసలైనది, బోర్డుల మీద రాసే ఆ బెస్పోక్ ఇదే. ఇందులో ఫర్మా ఉండదు. ఆ ఒక్క మనిషి కోసం కొత్త కాగితం గీస్తాం. ఛాతీ లోపల జిగురు పెట్టం, కాన్వాస్ గుడ్డను చేత్తో, వందల టాకాలు వేసి నిలబెడతాం. ముందు తెల్ల దారంతో కచ్చాగా కుట్టి, ఆ మనిషికి తొడిగి, సుద్దతో గుర్తులు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ కుడతాం. దీన్నే కచ్చా ట్రయల్ అంటాం. ఇవి రెండు తప్పకుండా ఉంటాయి, ఒక్కోసారి మూడు. ఒక సూటుకు నెలా, నెలన్నరా పడుతుంది.

ఈ మూడో రకం కుట్టాలంటే ఒక సంగతి తెలియాలి. టేపు ముందు మనిషి నిలబడినట్టు బయట నిలబడడు. టేపు చూడగానే పొట్ట లోపలికి లాగుతాడు, ఛాతీ పొంగిస్తాడు. ఆ కొలత రాసుకుంటే అది ఆయన కొలత కాదు, ఆయన కావాలనుకున్న మనిషి కొలత. అందుకే ముందు మాట్లాడించాలి. ఇల్లు, పిల్లలు, బస్సు ఆలస్యం, ఏదైనా సరే. మాటల్లో పడి ఒళ్లు వదిలేసినప్పుడు టేపు పెట్టాలి. వీపు వంపు, ఏ భుజం దిగి ఉంది, ఏ కాలి మీద బరువు వేస్తాడు, అన్నీ అప్పుడు కనిపిస్తాయి. అలా నెలన్నరలో మూడుసార్లు, ఒక మనిషి ఒంటిని ఇంత దగ్గరగా చూసేది ఇంకెవరో చెప్పండి. కట్టుకున్న భార్య కూడా అంత పట్టి పట్టి చూడదు. ముప్పై వేలకు, మూడు వేలకు ఉన్న తేడాలో గుడ్డ వాటా కొంతే. మిగతాదంతా ఈ చూపుదే.

ఖాసిం మాస్టర్ రెండు మాటలు

నాకు ఈ పని నేర్పింది నగరంలోని ఒక పాత సూట్ల దుకాణంలో కటింగ్ మాస్టర్, ఖాసిం సాబ్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చొక్కాతో ఉండేవాడు. నేను అప్పటికే చొక్కాలు, ప్యాంట్లు కుట్టడం వచ్చిన వాణ్ణి, అయినా ఆయన దగ్గర రెండేళ్లు కాజాలు కుట్టాకే టేపు చేతికిచ్చాడు.

టేపు ఇచ్చిన వారంలోనే కొంప ముంచాను. ఒక కాంట్రాక్టర్ నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని సూటుకు వచ్చాడు. నేను కొలుస్తూ, రాసుకునే గుమాస్తాకు వినపడాలని గట్టిగా అరిచాను: "నడుము, నలభై ఎనిమిది!" స్నేహితులు ఘొల్లుమన్నారు. ఆయన మొహం కందగడ్డ అయింది. చొక్కా గుండీలు పెట్టుకుని, గుడ్డ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఖాసిం సాబ్ అందరి ముందూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం చాయ్ దగ్గర అన్నాడు: "అరె శంకర్, మనిషి మన దగ్గరికి ఒళ్లు దాచుకోనీకి వస్తడు. నువ్వు దండోర కొట్టినవ్. నాప్ తీసేటప్పుడు నోరు జేబుల పెట్టుకో."

ఆ తర్వాత ఆరు నెలలు టేపు ముట్టనివ్వలేదు. పొట్ట, గూని, కుంటికాలు, దిగిన భుజం, ఇవేవీ పైకి అనకూడదు. వేళ్లతో సైగ చేయాలి, లేదా మనసులో పెట్టుకుని తర్వాత రాసుకోవాలి. ఆ దుకాణంలో అందరిదీ అదే పద్ధతి. మంచి పద్ధతే. మనిషి మానం కాపాడే పద్ధతి.

ఆయన చెప్పిన రెండో మాట వేరు. "ట్రయల్ దినం టేపు తీసినవంటే, మొదలు నువ్వు తప్పు కొలిచినవని గిరాకీకి నువ్వే చెప్పినట్టు. సుద్ద, పిన్నులు, గంతే." ఆ దుకాణంలో ఏ మాస్టరూ ట్రయల్‌లో టేపు తీయగా నేను చూడలేదు. టేపు మెడలో వేలాడుతూ ఉంటుంది, అది అలంకారం. ఖాసిం సాబ్ నాకు అన్నం పెట్టిన మనిషి, ఆయన్ని ఒక్క మాట అనను. ఆ రెండో మాటను మాత్రం తిడతాను. అది పనితనం కాదు, పొగరు. నేను దాన్ని పాతికేళ్లు నెత్తిన పెట్టుకుని మోశాను.

ప్రభాకర్ సార్ సూటు

ప్రభాకర్ సార్ శేరిగూడ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పదేళ్లుగా చొక్కాలు, ప్యాంట్లు నా దగ్గరే. సూటు ఎప్పుడూ కుట్టించుకోలేదు. ఒక రోజు ముదురు బూడిద రంగు గుడ్డ తీసుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"శంకరన్నా, నలభై తొమ్మిదేండ్లకు డాక్టరేట్ వచ్చింది. స్టేజీ మీద పట్టా తీసుకోవాలె. నీ మూడో రకం సూటు కుట్టు."

"పైన గౌను వేస్తరు కదా సార్, లోపల సూటు ఎవరు చూస్తరు?"

"నేను చూస్కుంట," అన్నాడు. ఇద్దరం నవ్వాం.

మాటల్లో పెట్టి నింపాదిగా కొలతలు తీశాను. కాగితం గీశాను. మూడు రోజులు గుడ్డ వైపు చూస్తూ ఉండి, నాలుగో రోజు కత్తెర పెట్టాను. మూడు వారాలకు కచ్చా ట్రయల్‌కు పిలిచాను.

కోటు తొడగగానే తేడా కనిపించింది. మెడ వెనక కాలర్ అతుక్కుని ఉండాలి కదా, చొక్కాకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు. వీపు మీద అడ్డంగా మడతలు. నడుము దగ్గర వదులు. కాలర్ ఎడం కావడమంటే మా పనిలో పరువు పోవడమే. కాగితం తప్పు గీశావురా శంకర్, మూడో రకం పేరు చెప్పి మంచి గుడ్డ తగలేశావు, అనుకున్నాను.

"ఏందన్నా, అట్ల చూస్తున్నవ్?" అన్నాడు సార్ అద్దంలోంచి.

"ఏం లేదు సార్. కచ్చా కుట్టు గిట్లనే ఉంటది," అన్నాను. నోట్లో పిన్నులు ఉండటం నయమైంది, ఎక్కువ మాట్లాడక్కర్లేదు.

టేపు నా మెడలోనే ఉంది. తీసి ఒక్కసారి ఛాతీ చుట్టూ తిప్పితే, పుస్తకంలో రాసిన అంకెతో పోల్చితే, అంతా అక్కడే తేలిపోయేది. నా చేయి పైకి పోలేదు. తీస్తే నా తప్పు నేనే ఒప్పుకున్నట్టు కదా! పిన్నులు గుచ్చి, సుద్ద గీతలు పెట్టి, కాలర్ విప్పి, సార్‌ను పంపేశాను.

తర్వాత పది రోజులు ఆ కోటు మీద నేను పడిన కష్టం చెప్పలేను. నడుము పట్టించాను. కాలర్ కొత్తగా కోశాను. భుజాల కింద, ఛాతీ మీద కాన్వాస్ లోపల పలుచగా దూది పొరలు వేశాను. మూడో రకం కుట్టులో ఉన్న గొప్ప అదే, ప్రమాదమూ అదే. ఒంట్లో లేనిదాన్ని కోటులో పెట్టవచ్చు.

రెండో ట్రయల్‌కు సార్ వచ్చాడు. తొడిగాను. మళ్లీ కాలర్ ఎడం. మళ్లీ నడుము వదులు. వీపు మడతలు సరిచేద్దామని కోటు లోపలికి చేయి పెట్టాను. చొక్కా మీదుగా రెక్క ఎముక నా అరచేతికి గుచ్చుకుంది. పదేళ్లుగా ఆ వీపు నాకు తెలుసు. అక్కడ ఎముక ఎప్పుడూ తగల్లేదు.

అప్పుడు భయమేసింది, ఈసారి గుడ్డ గురించి కాదు. "ప్యాంటు కోసం ఒకసారి చూస్త సార్," అని అబద్ధం ఆడి టేపు తీశాను. నడుముతో పాటు, సరిచేస్తున్నట్టు నటిస్తూ ఛాతీ, మెడ కూడా కొలిచాను. సార్‌ను కూర్చోబెట్టి చాయ్ చెప్పి, పక్కకు వెళ్లి పుస్తకం తీశాను. నడుము రెండున్నర అంగుళాలు తక్కువ. ఛాతీ ఒకటిన్నర. మెడ అర. మొదటి కొలతకూ దీనికీ మధ్య నెల రోజులు ఉంటాయేమో.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ అంకెలు చూసి నేను మొదట అనుకున్న మాట ఏమిటో తెలుసా? హమ్మయ్య! నా కోత తప్పు కాదు, హమ్మయ్య! ఛీ, ఆ హమ్మయ్య గుర్తొస్తే ఇవాళ్టికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాతే అసలు సంగతి తట్టింది. నడిచి సన్నబడే మనిషికి ముందు పొట్ట పోతుంది. మెడ, వీపు అంత తొందరగా కరగవు. ఇది పుస్తకాల్లో చదివింది కాదు, ఇన్నేళ్లు టేపు పట్టిన వేళ్లకు తెలిసింది. పుస్తకంలో కొత్త కొలతలు, తారీకు రాసి, పక్కన నాకోసం ఒక ముక్క రాసుకున్నాను: 'దూది వేసి సరిచేయాలి.'

చాయ్ తాగుతున్న సార్ దగ్గరికి వచ్చి, గుండె చిక్కబట్టుకుని అన్నాను: "సార్, జర బక్కగైన్రు."

"షుగర్ ఉంది కదా అన్నా. పొద్దుగాల చెరువు కట్ట మీద నడుస్తున్న. నడిస్తే తగ్గద్దా?"

"తగ్గాలె సార్. మంచిదే," అన్నాను. ఆయన ఇచ్చిన సాకును రెండు చేతులా అందుకున్నాను. మెడ సంగతి అడగలేదు. వీపు సంగతి అడగలేదు. నేనేమన్నా డాక్టర్నా, అనుకున్నాను. సంతోషంగా పట్టా తీసుకోబోయే మనిషి చెవిలో చావు మాట ఎట్లా వేస్తాం, అనుకున్నాను. కుట్టు మీద ఉన్న కొత్త గుడ్డ ముందు చెడు మాట అనొద్దని మా పనివాళ్ల నమ్మకం, అదీ గుర్తు చేసుకున్నాను. కాంట్రాక్టర్ కందిన మొహం గుర్తొచ్చింది. నోరు మూసుకోవడానికి ఎన్ని కారణాలు కావాలో అన్నీ దొరికాయి.

సూటు ఇవ్వడానికి నాలుగు రోజుల ముందు సార్ మళ్లీ వచ్చాడు. నేను పిలవలేదు. "ఒకసారి ఏస్కొని చూద్దామని," అన్నాడు. కోటు దాదాపు పూర్తయింది, గుండీలే మిగిలాయి. తొడిగాను. దూది పొరలన్నీ వేశాక ఈసారి కాలర్ కుదిరింది. భుజాలు నిండుగా, ఛాతీ నిండుగా ఉంది. సార్ అద్దం ముందు నిలబడ్డాడు, నేను ఆయన వెనక. చాలాసేపు చూసుకున్నాడు.

"ఎట్లున్న శంకరన్నా?"

"మస్తున్నరు సార్."

"ఇంకేం లేదా?"

"గుండీలు కుట్టాలె సార్. నల్లవి వెయ్యాల్నా, బూడిద రంగువా?"

అద్దంలోంచి నా వైపు చూసి, "బూడిదవే వెయ్యి," అన్నాడు. కోటు విప్పి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

పట్టా తీసుకున్న రోజు ఫోటో నా ఫోన్‌కు పంపాడు. గౌను విప్పేసి, సూటులో, భార్య పక్కన. నా జీవితంలో కుట్టిన సూట్లలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఎవరికి చూపించినా భేష్ అన్నారు. నేను మాత్రం ఆ ఫోటోను ఎక్కువసేపు చూడలేకపోయేవాణ్ణి.

రాజమణి మేడం అడిగింది

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సార్ భార్య రాజమణి మేడం దుకాణానికి వచ్చింది. ఆమె ప్రభుత్వ బడిలో టీచర్. ఎప్పుడూ నిటారుగా నడిచే మనిషి, గడప దగ్గరే తలుపు పట్టుకుని నిలబడింది.

"అన్నా, సార్‌ను పట్నం దవాఖానల చేర్పించినం. కడుపుల గడ్డ అంటున్నరు. ఎప్పటి నుంచి బరువు తగ్గుతున్నడని డాక్టర్ అడుగుతుండు. ఈయనేమో ఈ మధ్యనే అంటడు. ఇంట్ల తూకం మిషన్ కూడ లేదు. నీ బుక్కుల కొలతలుంటయ్ కదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతట అదే పుస్తకాల అర వైపు పోయి ఆగిపోయింది. పుస్తకం కనపడటం లేదు మేడం అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అంటే ఆమె నమ్మేది కూడా. ఆ మాట మింగేసి పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ఇచ్చాను.

ఆమె వేలు పెట్టి చదివింది. మొదటి కొలత. రెండో కొలత. తారీకులు.

"ఈ రెండిటి నడుమ నెలనే కదా అన్నా ఉన్నది?"

"అవ్ మేడం."

"దూది వేసి సరిచేయాలి... ఇదేంది?"

"లోపల దూది పెట్టిన మేడం. బక్కగైంది కనపడకుండ."

ఆమె ఆ ముక్క మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. ఫోన్ తీసి ఆ పేజీని ఫోటో తీసుకుంది. పుస్తకం మూసి నాకిచ్చింది.

"మంచిగ కుట్టినవ్ అన్నా," అంది. "పక్కన నిలబడి ఫోటో దిగిన. నాక్కూడ కనపడలే."

అది ఎత్తిపొడుపో, తన మీద తాను పడిన బాధో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యం రాలేదు. నన్ను తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి.

శ్రావణికి, మిగతా వాళ్లకు

ప్రభాకర్ సార్ ఆ ఏడాది దాటలేదు. మూడు నెలలు ముందు తెలిస్తే బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరని మేడమే ఒకసారి అంది. నాకు తెలిసింది ఒక్కటే, ఆ మూడు నెలలూ నా పుస్తకంలో మూసిపెట్టి ఉన్నాయి.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ప్రతి ట్రయల్‌లో టేపు తీసేవాణ్ణి. కొలత తప్పితే నాదే తప్పని చెప్పేవాణ్ణి, ఆకాశం ఊడిపడలేదు. కొలత తగ్గితే, పెరిగితే, ఎవరూ వినకుండా పక్కకు పిలిచి గిరాకీకి చెప్పేవాణ్ణి. తేలిక అనుకోకండి. ఒకాయన "నీ నోట్ల మన్ను పడ, కోటు కుట్టుమంటే ఒళ్లు చూస్తవా?" అని సగం కుట్టిన గుడ్డ లాక్కుని పోయాడు. ఇంకొకాయన పోయి చూపించుకున్నాడు, థైరాయిడ్ అని తేలింది, మందులు వాడుతున్నాడు. ఎక్కువమంది నిజంగానే తిండి తగ్గించినవాళ్లు, నన్ను చూసి నవ్వి పోయారు. నవ్వనీ. శ్రావణీ, గుడ్డ కోసేముందు చేయి వణికితే మంచిదే, వణకని చేయి గుడ్డ తగలేస్తుంది. నీ పేరు పోతుందేమోనని వణికితే మాత్రం ఆ భయం మాట వినకు. బోర్డు మీద మూడో రకం అని రాసుకుంటే, మూడుసార్లు మనిషిని చూడు, చూసింది చెప్పు. అంత ధైర్యం లేకపోతే రెండో రకం కుట్టుకో, అందులో తప్పేమీ లేదు.

సార్‌ను చివరిసారి చూసింది ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు, దవాఖానలో. పోవడానికి వారం రోజులు వెనకాడాను. సాయంత్రం చూడనిచ్చే వేళకు పోయాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా మెడలో ఇంకో మెడ పట్టేలా ఉంది. మేడం మందులకు వెళ్లింది. ఇంకా ఆగితే చెప్పలేనని, నిలబడే చెప్పేశాను.

"సార్, రెండో ట్రయల్ దినమే నాకు తెలుసు."

"ఎంత తగ్గిన?" లెక్కల మనిషి, మొదట అంకెలే అడిగాడు.

"నడుము రెండున్నర. ఛాతీ ఒకటిన్నర. మెడ అర."

తల ఊపాడు. కోపం రాలేదు. "కూసో," అన్నాడు. స్టూలు మీద కూర్చున్నాను.

"నువ్వు పిలవకుండ ఒక దినం వచ్చిన చూడు. ఎందుకొచ్చిన్నో తెలుసా?"

"సూటు చూస్కుందామని..."

"సూటెందుకన్నా! ఇంట్ల మంచిగైనవ్ అంటరు. కాలేజీల స్మార్ట్ అయినవ్ అంటరు. బెల్టుకు రెండు బొక్కలు నేనే పొడుచుకున్న, ఎవ్వరికి చూపియ్యలే. నీ దగ్గర టేపు ఉంటది, నువ్వైతే ఉన్నదున్నట్టు చెప్తవనుకున్న. నువ్వు ఒక్క మాట అంటే తెల్లారే దవాఖానకు పోదామని వచ్చిన."

"మీరే పోవద్దా సార్?"

"భయమైంది."

"నాకూ గదే సార్," అన్నాను.

ఆయన నా చేతి మీద చేయి వేశాడు. "అద్దం ముందట అంతసేపు నిలబడ్డం శంకరన్నా," అన్నాడు. "ఇద్దరికి తెలుసు. ఇద్దరం గుండీల రంగు మాట్లాడుకున్నం."